కొండ కొమ్మున నిప్పు కాపలా టవరు దాకా మా నడక



వేసవి దగ్గర పడుతుందంటే మన ఓ.పీ. దగ్గర ఒక మాట తరచుగా వినబడుతుంది. "సిస్టర్ గారూ, అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆరు నెలలకు సరిపడా బిళ్ళలు రాయించండి." బిళ్ళలు రాయించటం ఎంతసేపు! కానీ అక్కడికి వెళ్ళాక పిల్లలు సెలవు రోజున మనల్ని ఇంట్లో కూర్చోనివ్వరు. కొండలు, లోయలు చూపిస్తామని తీసుకువెళ్తారు, మైళ్ళకు మైళ్ళు నడిపిస్తారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ఆ నడకకు ఎలా సిద్ధపడాలో ఇక్కడ ఎవరూ అడగరు, మేమూ చెప్పము. 2019 ఆగస్టులో మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే కొందరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఇందులో మా పొరపాటు కూడా ఉంది. దాచుకోవటం లేదు.

మా అమ్మాయి, అల్లుడు అప్పట్లో ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉండేవారు. అక్కడి నుండి కారులో ఐదారు గంటలు వెళితే ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు వస్తుంది. 1872లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోనే మొదటి జాతీయ పార్కు. పార్కు అంటే మన మునిసిపల్ పార్కులాగా ఊహించుకోకండి. దాదాపు పాత ఉమ్మడి కృష్ణా జిల్లా అంత అడవి అది. వేడినీటి బుగ్గలు, అడవి దున్నల మందలు చూడటం అయ్యాక మా అల్లుడు, "మామయ్య గారూ, ఒక కొండ ఎక్కుదాం. కొమ్మున నిప్పు కాపలా టవరు ఉంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి దిగిపోవచ్చు" అన్నాడు. ఆ కొండ పేరు మౌంట్ వాష్‌బర్న్. ఎత్తు సముద్రమట్టానికి 10,243 అడుగులు.

మా వారు లెక్కల మాస్టారుగా చేసి ఆ ఏడే రిటైరయ్యారు. 14 ఏళ్ళుగా షుగరు, దానితోపాటు బీపీ. రెండింటికీ బిళ్ళలు వాడుతున్నారు. అయినా మనిషి హుషారు. "ప్రతి ఫిబ్రవరికీ గుణదల కొండ ఎక్కి శిలువ దాకా వెళ్ళి వస్తున్నాను. ఇదెంత!" అన్నారు. మేమూ అలాగే అనుకున్నాము.

ఈ టవరు సంగతి ముందు చెప్పాలి. మన జొన్నచేలల్లో పిట్టలు వాలకుండా చూసుకోవటానికి మంచె వేస్తారు కదా, అలాంటిదే ఇది. కాకపోతే అక్కడ కాపలా పిట్టల కోసం కాదు, పొగ కోసం. 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానా, వాషింగ్టన్ ప్రాంతాల్లో పెనుగాలికి అడవి మంటలు ఒకదానితో ఒకటి కలిసిపోయి దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మంటలు ఆర్పటానికి వెళ్ళిన కూలీలే. మంట పెద్దదయ్యాక మనిషి చేయగలిగింది తక్కువ, పొగ దశలోనే పట్టుకోవాలని అమెరికా అటవీశాఖ వారికి అప్పుడు బాగా తెలిసివచ్చింది. ఆ తరువాత కొండ కొమ్ముల మీద టవర్లు, గదులు వేలకొద్దీ కట్టారు. ఒక్కో గదిలో ఒక్కో మనిషి. వేసవి అంతా అక్కడే కాపురం.

ఆ గది మధ్యలో ఒక గుండ్రని బల్ల ఉంటుంది. ఆస్బోర్న్ అనే అటవీ ఉద్యోగి కనిపెట్టిన సాధనం అది. బల్ల మీద ఆ ప్రాంతపు మ్యాపు పరిచి ఉంటుంది. మ్యాపుకు నట్టనడుమ ఆ టవరే ఉంటుంది. చుట్టూ తిరిగే ఒక ఇనుప చట్రానికి ఇటొక కంత, అటొక నిలువు వెంట్రుక. కంతలోంచి చూస్తూ వెంట్రుకను దూరాన కనిపించే పొగకు సరిగ్గా పెడితే, పొగ ఏ దిక్కున ఎన్ని డిగ్రీల్లో ఉందో అంచు మీద అంకె చెబుతుంది. మరో కొండ మీది టవరు వాళ్ళు కూడా అదే పొగను చూసి తమ అంకె చెబితే, రెండు గీతలు కలిసిన చోటే నిప్పు. మా వారికి ఇది ఎంత నచ్చిందో చెప్పలేము. "తొమ్మిదో తరగతి పిల్లలకు కోణాలు ఇలా చెప్పి ఉంటే ఒక్కడూ తప్పేవాడు కాదు" అని రెండు రోజులు అదే మాట.

మాకు నచ్చింది మరొక సంగతి. ఆ అటవీశాఖలో ఈ కాపలా ఉద్యోగంలో చేరిన మొదటి స్త్రీ హాలీ డాగెట్ గారు. 1913లో, కాలిఫోర్నియాలోని క్లమత్ అడవుల్లో. ఆడమనిషి ఒంటరిగా కొండ మీద ఉండగలదా అని పెద్దలు సందేహించారు. ఆమె ఆ మొదటి వేసవిలోనే 40 దాకా మంటలను కనిపెట్టి టెలిఫోనులో కబురు చేస్తే, మొత్తం మీద కాలింది 5 ఎకరాల లోపే. తరువాత ఎన్నో వేసవులు అదే పని చేశారు. మన నైట్ డ్యూటీ సిస్టర్లకు ఆమె గురించి చెప్పినప్పుడు అందరూ నవ్వుకున్నారు. వార్డులో పదిహేను నిమిషాలకొకసారి టార్చి పట్టుకుని మంచం మంచం చూసి రావటం, ఏమీ జరగని రాత్రికి ఎవరూ మెచ్చుకోకపోవటం, ఏదైనా జరిగితే మాత్రం ఎప్పుడు చూశావు, చార్టులో ఎప్పుడు రాశావు అని అడగటం. రెండు ఉద్యోగాలకూ పెద్ద తేడా లేదు.

ఇప్పుడు విమానాలు, ఉపగ్రహాలు, కెమెరాలు వచ్చాయి కాబట్టి మనుషులు కాపలా ఉండే టవర్లు అక్కడ కొన్ని వందలకు తగ్గాయి. మన దేశంలోనూ అడవిలో నిప్పు అంటుకుంటే ఉపగ్రహం చూసి, అటవీశాఖ వారికి ఫోనులో కబురు వస్తోంది. అయినా నల్లమలలో వేసవి వచ్చిందంటే ఫైర్ వాచర్లు నడవక తప్పదు. వాష్‌బర్న్ కొండ మీద కూడా వేసవిలో మనిషి కాపలా ఇప్పటికీ ఉంది.

ఇక నడక. డన్‌రావెన్ పాస్ అనే కనుమ దగ్గర కారు ఆపుకోవచ్చు. ఆ చోటే దాదాపు 8,850 అడుగుల ఎత్తు. అక్కడి నుండి కొమ్ముకు మూడు మైళ్ళు, ఎక్కాల్సింది 1,400 అడుగులు. రానూపోనూ సుమారు 10 కిలోమీటర్లు. ఒకప్పుడు గుర్రపు బళ్ళు, ఆ తరువాత పాతకాలపు కార్లు పైకి వెళ్ళిన దారే కాబట్టి వెడల్పుగా, మలుపులు మలుపులుగా ఉంటుంది. మెట్లు లేవు, చేతులతో పట్టుకుని పాకే పని లేదు. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు కూడా ఎక్కుతున్నారు.

దారి భయపెట్టదు, గాలే ఇబ్బంది పెడుతుంది. పదివేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో 70 శాతం మాత్రమే. అంటే మనం పీల్చే ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు దాదాపు మూడో వంతు తక్కువ. బందరులోనో బాపట్లలోనో పుట్టి పెరిగిన ఒంటికి అది కొత్త. ఆరోగ్యవంతులకైనా ఆయాసం, గుండెదడ వస్తాయి. 8,000 అడుగులు దాటిన చోట ఉండిపోతే, కొన్ని గంటల తరువాత కొందరికి తలనొప్పి, వికారం, తల తిరగటం మొదలవుతాయి. అప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. మేము సాల్ట్ లేక్ సిటీలో, అంటే 4,200 అడుగుల ఎత్తున, మూడు వారాలు ఉన్నాము. తరువాత పార్కులో కొండకు దగ్గరగా 7,900 అడుగుల చోట రెండు రాత్రులు పడుకున్నాము. ఆ మేరకు ఒళ్ళు అలవాటు పడింది. ఈ ఒక్క పని మటుకు సరిగ్గానే చేశాము.

బూట్ల విషయంలో చేయలేదు. కొత్త బూట్లు వారం ముందే కొని, పెట్టెలోనే ఉంచి, ఆ రోజే తొడిగాము. మైలు తిరగకుండా మడమ బొబ్బ కట్టింది. చీర కట్టుకుని వెళ్ళవచ్చా అని మన సంఘంలో ఒక అమ్మగారు అడిగారు. దారికి చీర అడ్డం కాదు గానీ, కొమ్మున వీచే గాలికి అడ్డం. సల్వార్ కమీజు, స్వెట్టరు, చెవులకు మఫ్లరు మంచిది. ఆగస్టు నెలే అయినా తెల్లవారుజామున చలి మన మంచం దగ్గరికి వచ్చే చలి కాదు, ఎముకల దాకా వస్తుంది. దారిలో మంచినీళ్ళు దొరకవు, మోసుకుపోవాలి. మరుగుదొడ్లు కారు ఆపే చోట ఉన్నాయి, పైన టవరు దగ్గర ఉన్నాయి. ఎలుగుబంట్లు తిరిగే కొండ కాబట్టి మిరపకారపు స్ప్రే డబ్బా ఒకటి నడుముకు తగిలించుకోవాలి. అది ఎలుగు మీదికి వస్తే దాని వైపు కొట్టటానికి. దోమల మందులాగా ఒంటికి రాసుకునేది కాదు! నవ్వకండి. అలా రాసుకునేవాళ్ళు ఉంటారనే పార్కు వారు ప్రత్యేకించి చెబుతుంటారు.

ఆ రోజు ఏడు గంటలకు నడక మొదలుపెట్టాము. మా వారు లెక్కల మనిషి కాబట్టి మలుపులు లెక్కపెడుతూ నడుస్తున్నారు. "ఒకటి... రెండు..." అని పైకే అంటున్నారు. పక్కన బూడిదరంగు మోడులు వేలకొద్దీ నిలబడి ఉన్నాయి. 1988లో ఈ పార్కులో దాదాపు 8 లక్షల ఎకరాలకు, అంటే మూడో వంతుకు పైగా భాగానికి, నిప్పు సోకింది. వేలమంది ఆర్పినా ఆరని మంటలు ఆ సెప్టెంబరు 11న కురిసిన మంచుతో నెమ్మదించాయి. ఆ మోడుల మధ్య మనిషికి రెండింతల ఎత్తున పచ్చటి చెట్లు లేచి ఉన్నాయి. అక్కడి ఒక రకం పైన్ చెట్టు కాయ జిగురుతో మూసుకుని ఉండి, మంట వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తుందట. అల్లుడు ఇదంతా చెబుతుంటే మేము ఆ కాయల కోసం వెతుకుతున్నాము.

"నాలుగు" అన్నారు మా వారు. కాసేపటికి ఇంకో మలుపు దగ్గర మళ్ళీ "నాలుగు" అన్నారు. అమ్మాయి నవ్వి, "డాడీ, అయిదు" అంది. ఆయన దానిమీద విసుక్కున్నారు. ఆయన పిల్లమీద విసుక్కునే మనిషి కాదు. ఇంకో మలుపు వచ్చింది. "నాలుగు" అన్నారు.

ముప్పై ఏళ్ళకు పైగా నర్సింగు చేసిన మనిషి పక్కనే నడుస్తూ ఏమనుకున్నట్టు? ఎత్తుకు ఆయాసం వచ్చింది, అందుకే చిరాకు అనుకున్నాము. అల్లుడూ, "అత్తయ్య గారూ, ఎత్తు పడటం లేదేమో, కాసేపు కూర్చుందాం" అన్నాడు. బండరాయి మీద కూర్చోబెట్టాము. "ఏమండీ, ఎలా ఉంది?" అంటే, "నాకేం? నువ్వే ఆగిపోతున్నావు" అన్నారు. మాట కాస్త ముద్దగా వచ్చింది. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకు లేదు. మఫ్లరు సర్దబోయి మెడ వెనుక చేయి పెడితే కాలరు తడిసి ముద్దయి ఉంది. అప్పుడు గానీ మా బుర్రకు తట్టలేదు.

గ్లూకోమీటరు చలికి పనిచేయదని స్వెట్టరు లోపలి జేబులో పెట్టుకున్నాము. వేలు పొడిచి చూస్తే 58.

గ్లూకోజు పొడి ప్యాకెట్టులో నుండి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాము. పదిహేను నిమిషాలు కదలనివ్వలేదు. మళ్ళీ చూస్తే 94. అప్పుడు చపాతీ చుట్టి చేతికిచ్చాము. సగం తిన్నాక తల ఎత్తి చుట్టూ చూసి, "ఎన్నో మలుపు ఇది?" అని అడిగారు. అమ్మాయి మొహం అటు తిప్పుకుంది.

ఎక్కడ తప్పు జరిగిందో చెబుతాము. ఆయన రోజూ పొద్దున ఐదు ఇడ్లీలు తిని గ్లిమిపిరైడ్ బిళ్ళ వేసుకునే మనిషి. ఆ రోజు చీకటితో లేచి, రుచించక, రెండు బ్రెడ్డు ముక్కలు తిని అదే బిళ్ళ వేసుకున్నారు. పైగా ఎత్తు ఎక్కే నడక. తిండి తగ్గింది, శ్రమ పెరిగింది, మందు మాత్రం తగ్గలేదు. బిళ్ళల డబ్బా తెరిచి చేతికిచ్చింది మేమే. బ్రెడ్డు ముక్కలు చూశాము కూడా. ఆలస్యమవుతోందని ఊరుకున్నాము. వార్డులో రోగి అన్నం తినకపోతే ఇన్సులిన్ ఇచ్చే ముందు డాక్టరు గారిని అడగాలని కొత్త సిస్టర్లకు పాఠం చెప్పేది కూడా మేమే.

ఇంకొక సంగతి. షుగరు పడిపోతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది అని పుస్తకంలో ఉంటుంది. కానీ బీపీకి మెటోప్రొలాల్, ఎటెనొలాల్ వంటి బిళ్ళలు వాడేవారికి వణుకు, దడ అంతగా తెలియవు. ఆ మందులు వాటిని అణిచిపెడతాయి. మిగిలే గుర్తు చెమట ఒక్కటే. ఆ కొండ మీద పొడిగాలి, చలి. మొహం మీద చెమట పుట్టగానే ఆరిపోతోంది. ఇక మిగిలింది మాట తీరు, చిరాకు, లెక్క తప్పటం. వాటిని చూసి ఎత్తు వల్ల అనుకున్నాము. ఎత్తు వల్ల వచ్చే అలసటా, లో షుగరూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కాబట్టి షుగరు ఉన్న మనిషి తేడాగా ప్రవర్తిస్తే ముందు షుగరే చూడాలి. మీటరు లేకపోతే, లేదా అంకె మీద నమ్మకం లేకపోతే (కొన్ని మీటర్లు చలిలో, ఎత్తులో సరిగ్గా చూపవు), ఆలోచించకుండా తియ్యటిది ఇచ్చేయాలి. చక్కెర మూడు చెంచాలు, లేదా అరగ్లాసు పండ్లరసం. చాక్లెట్టు వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తుంది. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసి 70 దాటకపోతే మళ్ళీ ఇవ్వాలి. కోలుకున్నాక కడుపుకు ఏదైనా పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చక్కెర గానీ నీళ్ళు గానీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే సహాయం పిలవాలి.

టవరు అక్కడి నుండి కనబడుతూనే ఉంది, ఇంకా మైలున్నర లోపే. మా వారు లేచి, "ఇప్పుడు బాగానే ఉంది, పదండి" అన్నారు. అమ్మాయి మా వంక చూసింది. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది. ఒకసారి పడిన షుగరు గంట తరువాత మళ్ళీ పడవచ్చు. వెనక్కి తిరిగాము. దిగుతున్నంత సేపూ ఆయన మాట్లాడలేదు. ఎదురు వచ్చేవాళ్ళలో ఆయనకంటే పెద్ద వయసు వాళ్ళు కూడా ఉన్నారు మరి. అదీ బాధ. ఆ మూగతనం లో షుగరు మూగతనమా, అలకా అని తెలుసుకోవటానికి దారిలో రెండుసార్లు వేలు పొడిచాము. "కొండ ఎక్కటానికి వచ్చామా, రక్తపరీక్షలకు వచ్చామా?" అన్నారు రెండోసారి. ఆ మాటతో మాకు ప్రాణం కుదుటపడింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి, అంటే ఇక్కడ మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు, ఫోను కలిసే చోటికి వెళ్ళి మన ఫిజీషియన్ డాక్టరు గారితో మాట్లాడాము. ఆయన అన్నీ విని, ఒక రోజు విశ్రాంతి తీసుకోమన్నారు. నడక రోజున గ్లిమిపిరైడ్ సగమే వేసుకోమన్నారు. బయలుదేరే ముందు కడుపునిండా తిని షుగరు చూసుకోమన్నారు. గంటకొకసారి ఏదో ఒకటి తినమన్నారు. ఇది మా వారికి చెప్పిన సలహా. ఎవరికి వారు తమ డాక్టరును అడగాలి. సొంతంగా సగం చేసుకోవటం, మానేయటం పనికిరాదు. ఇన్సులిన్ వాడేవారి లెక్క వేరు. ఇటీవల స్టెంటు వేయించుకున్నవారు, ఆయాసం జబ్బు, రక్తహీనత ఉన్నవారు అంత ఎత్తుకు వెళ్ళవచ్చునా అని ముందే అడిగి తీరాలి. సికిల్ సెల్ ఉన్నవారు అయితే అడగకుండా అసలు బయలుదేరకూడదు. ఆక్సిజన్ తగ్గితే వాళ్ళ రక్తకణాలు కొడవలిలా వంకరపోయి నాళాలకు అడ్డం పడతాయి.

మూడో రోజు ఉదయం ఉప్మా. మా అమ్మాయి గది బయట చిన్న స్టవ్వు మీద చేసింది. మా వారు రెండు గిన్నెలు తిన్నారు. షుగరు 162. ఆరున్నరకు నడక మొదలు. జేబులో ఖర్జూరాలు. గంటకొకసారి ఆగటం, తినటం, నీళ్ళు తాగటం. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. పాత బొబ్బ మీద ప్లాస్టరు, దాని మీద పాత చెప్పులు కాని పాత బూట్లు. అమ్మాయివి.

పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివి అయిపోయి, గాలికి ఒక వైపుకే వంగి, ఆ తరువాత అసలు లేవు. గడ్డి, రాళ్ళు, రాళ్ళ మధ్య కొమ్ముల కొండగొర్రెలు. తొమ్మిదింటికి టవరు కింద నిలబడ్డాము. మూడంతస్తుల కట్టడం. కింది గదిలోకి అందరినీ రానిస్తారు. కిటికీల్లోంచి చుట్టూ కనిపిస్తుంది. పై గది కాపలా మనిషిది, అక్కడికి మనకు ప్రవేశం లేదు. దక్షిణాన ఎల్లోస్టోన్ సరస్సు, దాని ఇవతల పెద్ద లోయ. ఆ పల్లమంతా 6,40,000 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన నోరు అని, మనం నిలబడింది దాని అంచు దగ్గర అని అల్లుడు చెప్పాడు. మా వారు ఏమీ అనలేదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తూనే ఉన్నారు.

పైన కిటికీ దగ్గర కాపలా మనిషి దుర్భిణితో నెమ్మదిగా ఒక వైపు నుండి ఇంకో వైపుకు చూడటం బయట నుండి కనిపించింది. పొగ కనిపించగానే ఆర్పించటమే వాళ్ళ పని అనుకున్నాము. అలా కాదట. పిడుగు వల్ల పుట్టిన మంట ఊళ్ళకూ మనుషులకూ హాని లేని చోట ఉంటే, ఆర్పకుండా కనిపెట్టుకుని ఉంటారట. మన వార్డులో 'ఆబ్జర్వేషన్' అని రాసి మందు ఇవ్వకుండా చూస్తూ ఉంటాము చూడండి, అలాగ. అదే పార్కులో మౌంట్ హోమ్స్ కొండ మీద ఇలాంటి పాత కాపలా గది ఇంకొకటి ఉండేది. మేము వెళ్ళటానికి నెల ముందు, 2019 జూలైలో, పిడుగు వల్ల పుట్టిన మంటకు అదే కాలిపోయింది. అప్పటికి అక్కడ కాపలా మనిషి ఉండటం లేదు.

ఆ మాట విన్నాక ఆకాశం వంక చూడకుండా ఎలా ఉంటాము? పడమటన తెల్లగా దూదిలాంటి మబ్బు ఒకటి లేచింది. ఆ కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మామూలే. కొమ్మున ఉన్న మనిషే అందరికంటే ఎత్తు. అందుకే పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నం కాకముందే దిగిపోవాలని చెబుతారు. అరగంట మాత్రమే ఉండి దిగటం మొదలుపెట్టాము. దిగటం సులువు అనుకుంటాము గానీ మోకాళ్ళకు దిగటమే కష్టం. చేతికర్ర ఉంటే కొంత బరువు అది తీసుకుంటుంది. పదకొండున్నరకు కారు దగ్గరికి చేరాము. తలుపు వేసుకున్న కాసేపటికి మొదటి ఉరుము వినబడింది. వెనక్కి చూస్తే టవరు మబ్బులో లేదు. "ఆయన అక్కడే ఉంటాడా ఇప్పుడు?" అని అడిగారు మా వారు. ఉంటాడు. గోడల మీదుగా రాగి తీగలు భూమిలోకి దించి ఉంటాయి. పాత గదుల్లో అయితే కాళ్ళకు గాజు తొడిగిన చిన్న పీట ఒకటి ఉండేదట. పిడుగులు పడుతున్నంత సేపు దాని మీద నిలబడే పొగ కోసం చూసేవారట.

పిడుగు మాట వచ్చింది కాబట్టి మన ఊళ్ళ సంగతి కూడా చెప్పి ముగిస్తాము. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొలాల్లో, గొర్రెల దగ్గర ఎంతమందిని పిడుగు తీసుకుపోతోందో మీకు తెలుసు. మెరుపు కనిపించాక ఉరుము వినబడేలోగా ముప్పై లెక్కపెట్టలేకపోతే పిడుగు మీ దగ్గరికి రాగల దూరంలో ఉన్నట్టే. పక్కా ఇంట్లోకో, తలుపులు వేసిన కారులోకో వెళ్ళాలి. తాటిచెట్టు కిందికి, ఒంటరి చెట్టు కిందికి పోకూడదు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా బయటికి రాకూడదు. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు. అది పొరపాటు. ఆ మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ముట్టుకోవచ్చు. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, వెంటనే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. పిడుగుకు ఆగిన గుండె అలా మళ్ళీ కొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. పేడలో పూడ్చటం, మట్టిలో కప్పటం వంటివి చేస్తూ ఆ కొద్ది నిమిషాలు పోగొట్టవద్దు.

పిల్లల దగ్గరికి ప్రయాణం పెట్టుకున్నవారు బయలుదేరటానికి నెల రోజుల ముందు, వాడుతున్న బిళ్ళల స్ట్రిప్పులు, పాత చీటీలు అన్నీ పట్టుకుని ఓ.పీ.కి రండి. మందుల అసలు పేర్లు, మోతాదు రాసిన కాగితం డాక్టరు గారి సంతకంతో ఇప్పిస్తాము. అక్కడి మందుల షాపులో మన చీటీకి మందు ఇవ్వరు కాబట్టి సరిపడా ఇక్కడే కొనుక్కోవాలి. పాత జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమా ఏది అని పిల్లలను ముందే కనుక్కోమనండి. గ్లూకోమీటరు కొన్నవారు దాన్ని కూడా తీసుకురండి. ఎలా వాడాలో మీకూ, మీతో వచ్చే వారికీ మా సిస్టర్లు చూపిస్తారు. బూట్లు మాత్రం ఇప్పుడే కొని ఇంట్లో తొడుక్కుని తిరగండి.